కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కారు: చాసీ దృఢత్వం, దాన్ని పెంచే అమరికలు

కప్పు మడిచి గాలికి ఎదురుగా నడుపుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు పుట్టుకతోనే ఒక బలహీనత ఉంటుంది. అది మెలి తిరుగుతుంది. గతుకుల రోడ్డు మీద ముందు అద్దం చట్రం వణుకుతుంది. లోపలి అద్దంలో వెనక వచ్చే బండి రెండుగా కనిపిస్తుంది. తలుపు సందుల్లో కిర్రుమంటుంది, స్టీరింగ్‌లో సన్నని అదురు చేతికి తగులుతుంది. బ్రిటిష్ వాళ్లు దీన్ని స్కటిల్ షేక్ అంటారు, అమెరికా వాళ్లు కౌల్ షేక్ అంటారు. బానెట్టుకూ ముందు అద్దానికీ నడుమ ఉండే అడ్డభాగం వణకడమని రెండింటికీ అర్థం. ఈ వణుకు తగ్గించడానికని అడుగున, ఇంజన్ మీద, సీట్ల వెనక బిగించుకునే ఉక్కు కడ్డీలు, పట్టీలు, గొట్టాలు విడిగా అమ్ముతారు. వాటి మీద పెట్టే డబ్బు లాభమో దండగో ఒక్క మాటలో తేలదు. అది కారు ఎక్కడ మెత్తగా ఉంది, దాని స్ప్రింగులు ఎంత గట్టివి, గడపల్లో ఉక్కు ఎంత మిగిలింది అన్న మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. ఈ వ్యాసం ఆ మూడింటినీ ప్రధానంగా ఒక్క కారును పట్టుకుని పరిశీలిస్తుంది. ఆ కారు జపాన్‌లోని హిరోషిమా కంపెనీ మాజ్దా 1989లో బయటపెట్టిన ఎంఎక్స్-5. అమెరికాలో దాన్ని మియాటా అంటారు.

కప్పు మోసే బరువు

ఒక వెదురు బొంగును రెండు కొసలా పట్టుకుని మెలి తిప్పబోతే కదలదు. అదే బొంగును ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క చీలిక చీల్చి మళ్లీ తిప్పితే సులువుగా మెలి పడుతుంది. వెదురు తగ్గలేదు, బరువూ తగ్గలేదు. మూసి ఉన్న గొట్టం తెరుచుకుందంతే. పల్చటి గోడ ఉన్న గుండ్రటి గొట్టానికి ఈ తేడాను లెక్కగట్టవచ్చు. వ్యాసార్ధాన్ని గోడ మందంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, మూడుతో గుణిస్తే, మూసిన గొట్టం చీల్చిన గొట్టం కంటే ఎన్ని రెట్లు దృఢమో వస్తుంది. 40 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు గొట్టానికి ఈ తేడా 1200 రెట్లు.

మామూలు కారు ఒళ్లు కూడా ఒక పెద్ద మూసిన గొట్టమే. నేల, పక్కగోడలు, కప్పు, అతికించిన ముందు వెనక అద్దాలు కలిసి ఆ గొట్టాన్ని మూస్తాయి. కప్పు కోసేస్తే అది తెరుచుకుంటుంది. అయినా దృఢత్వం వెయ్యో వంతుకు పడిపోదు, ఎందుకంటే లోపల చిన్న చిన్న మూసిన గొట్టాలు మిగిలి ఉంటాయి. తలుపు కింద మనం కాలు దాటించి ఎక్కే గడప అలాంటిదే. దీన్ని సిల్ అంటారు, అది బోలు పెట్టె లాంటి దూలం. సీట్ల నడుమ గేర్‌బాక్సు పైనుంచి పోయే టనెల్ ఇంకొకటి. కన్వర్టిబుల్‌లో కప్పు చేయాల్సిన పని వీటి మీద పడుతుంది.

కారు వంగడం వేరు, మెలి తిరగడం వేరు. నడుమ కుంగిపోకుండా ఆపడానికి లోతైన గడపలు రెండు ఉంటే దాదాపు సరిపోతుంది. మెలిక సంగతి అలా తేలేది కాదు. ఎడమ ముందు చక్రం ఒక రాయి ఎక్కినప్పుడు మిగతా మూడూ నేల మీదే ఉంటాయి, ఒళ్లు ఆ మూలన పైకి తిరగాలని చూస్తుంది. కీళ్లు వదులైన నులక మంచాన్ని మిట్టపల్లాల వాకిట్లో వేస్తే నాలుగు కాళ్లూ నేలకు ఆనతాయి. బిగువైన మంచమైతే ఒక కాలు లేచే ఉంటుంది. పడుకోవడానికి వదులు మంచమే సుఖం. కారుకు అది పనికిరాదు. అక్కడ నేలను అనుసరించే పని స్ప్రింగుది, షాక్ అబ్జార్బరుది. ఒళ్లు కూడా ఇంకో స్ప్రింగులా వంగడం మొదలుపెడితే ఆ స్ప్రింగును అదుపు చేసే షాక్ అబ్జార్బరు ఎక్కడా ఉండదు. అందుకే అది ఊగుతూనే ఉంటుంది.

ఈ ఇబ్బంది అన్ని ఓపెన్ బండ్లకూ ఒకే తీరున ఉండదు. మన రోడ్ల మీద కనిపించే మహీంద్రా థార్‌కు లారీకి ఉన్నట్టు అడుగున నిచ్చెన ఆకారపు చాసీ ఉంటుంది. మెలిక మోసేది అదే కనుక, పైన గుడ్డ టాప్ ఉన్నా గట్టి కప్పు ఉన్నా తేడా తక్కువ. ఒళ్లే చాసీగా ఉండే మోనోకాక్ కార్లలోనే కప్పు తీయడం పెద్ద శస్త్రచికిత్స అవుతుంది.

ఓపెన్ కారు ఇంజనీర్లు ఏం చేశారు

ఒంటినే చాసీగా మార్చిన తొలి కార్లలో ముందుగా చెప్పుకునేది లాన్చియా లాంబ్డా. 1922లో వచ్చిన ఆ ఇటాలియన్ కారు ఓపెన్ కారే. ఓడ పొట్ట ఎలా బరువు మోస్తుందో చూసి విన్చెంజో లాన్చియా ఆ ఆలోచనకు వచ్చాడని చెబుతారు. పక్కగోడలు ఎత్తుగా, తలుపులు పొట్టిగా ఉండేవి, నడుమ టనెల్ ఉండేది. కప్పు లేకుండా దృఢత్వం కావాలంటే గడప ఎత్తాలన్న సూత్రం అప్పుడే తెలిసిపోయింది.

ఆ సూత్రంతో దోస్తీ చేసినవాళ్లూ ఉన్నారు, పోరాడినవాళ్లూ ఉన్నారు. మెర్సిడెస్ 300 ఎస్ఎల్ గొట్టాల చట్రం పక్కల ఎత్తుగా ఉండటం వల్లే 1954 కారుకు రెక్కల్లా పైకి లేచే తలుపులు పెట్టాల్సి వచ్చింది. 1957లో దాన్ని రోడ్‌స్టర్‌గా మార్చినప్పుడు మామూలు తలుపులు పట్టేలా పక్క గొట్టాలను కిందికి దించి చట్రాన్ని మళ్లీ రూపొందించారు. 1989 నుంచి 1991 దాకా తయారైన బీఎండబ్ల్యూ జెడ్1 గడపలు ఎంత లోతైనవంటే తలుపులు వాటిలోకే కిందికి జారిపోతాయి. తలుపు తెరిచి నడిపినా ఆ కారు దృఢత్వం మారదు, మోసేది గడపే కనుక.

లోటస్ ఎలాన్ (1962) దారి వేరు. కాలిన్ చాప్‌మన్ దానికి నడిమి వెన్నెముక పెట్టాడు. ఉక్కు రేకు మడిచి చేసిన పెట్టె దూలం, రెండు చివరలా చీలి చక్రాలను పట్టుకుంటుంది. పైనున్న ఫైబర్‌గ్లాస్ ఒంటి మీద పెద్ద భారం లేదు. మొదట ఆ దూలాన్ని సస్పెన్షన్‌నూ ఇంజన్‌నూ పరీక్షించుకోవడానికి తాత్కాలికంగా చేశారు, చివరకు అదే అసలు చాసీ అయింది. 1999 హోండా ఎస్2000లోనూ నడిమి టనెలే ప్రధాన దూలం. ఆ కారును మొదటి గీత నుంచీ ఓపెన్ కారుగానే గీశారు.

కూపే, అంటే గట్టి కప్పున్న రెండు తలుపుల కారు, నుంచి కోసి తీసిన కార్లకు ఈ వెసులుబాటు లేదు. 1960ల షెవ్రొలే కమారో కన్వర్టిబుల్‌లో జనరల్ మోటార్స్ నాలుగు మూలలా బరువు డబ్బాలు అమర్చింది. లోపల స్ప్రింగు మీద కూర్చున్న బరువు ఒంటి వణుక్కు ఎదురుగా ఊగి దాన్ని మింగేస్తుంది. మెకానిక్కులు వాటికి కాక్‌టెయిల్ షేకర్లని పేరు పెట్టారు. ఉన్న దృఢత్వంతోనే వణుకును అణచిన ఈ ఉపాయాన్ని తక్కువ చేసి చూడకూడదు. తెలియకుండా ఆ డబ్బాలు తీసి పారేసిన పాత కారుకు ఎన్ని కడ్డీలు వేసినా ఆ నెమ్మది తిరిగి రావడం కష్టం.

మియాటా: కంపెనీయే బిగిస్తూ వచ్చిన కారు

1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో తొలి ఎంఎక్స్-5ను చూపారు. బరువు సుమారు 940 కిలోలు, 1.6 లీటర్ల ఇంజన్, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టేది. దాని అడుగున అల్యూమినియంతో చేసిన పొడుగాటి చట్రం ఒకటుంది. పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అనే ఆ చట్రం గేర్‌బాక్సునూ వెనక డిఫరెన్షియల్‌నూ ఒకే ముక్కలా కలుపుతుంది. అది ఒంటి దృఢత్వం కోసం పెట్టింది కాదు. యాక్సిలరేటర్ తొక్కగానే వెనక చక్రాలు వెంటనే అందుకోవాలని పెట్టింది. చూడగానే చాసీ కడ్డీలా ఉంటుంది కాబట్టి చాలామంది పొరబడతారు.

ఆ కారు ఎక్కడ మెత్తనో తొలి యజమానులు త్వరగానే పసిగట్టారు, మాజ్దా కూడా. 1994 మోడల్‌కు 1.8 లీటర్ల ఇంజన్ వచ్చినప్పుడు సీట్ల వెనక, సీట్‌బెల్టు స్తంభాల రెండింటినీ కలుపుతూ ఒక అడ్డదూలం చేరింది. సస్పెన్షన్‌ను మోసే ముందు వెనక అడుగు చట్రాలకు, అంటే సబ్‌ఫ్రేములకు, కూడా అదనపు కడ్డీలు పెట్టారు. 1.6 యజమానుల్లో కొందరు 1.8 కారు నుంచి విప్పిన ఈ ముక్కలనే తెచ్చి తమ కారుకు బిగించుకుంటారు. ఈ వ్యాసకర్త దృష్టిలో మొదటి తరం మియాటాకు అన్నిటికంటే నమ్మదగిన బిగింపు ఇదే. ఎక్కడ పెట్టాలో కొలిచి నిర్ణయించినవాళ్లే చేసిన ముక్క అది, బోల్టు రంధ్రాలు కూడా వాళ్లు లెక్క వేసుకున్న చోటే ఉంటాయి.

తర్వాతి తరాల్లో కంపెనీ ఆ పని సాగించింది. 2001లో రెండో తరం ఒంటిని మరింత బిగించారు. 2005లో వచ్చిన మూడో తరానికి మెలి దృఢత్వం 47 శాతం, వంపు దృఢత్వం 22 శాతం పెరిగాయని మాజ్దా చెప్పింది. 2015 నాలుగో తరం బరువు మళ్లీ టన్ను దగ్గరకు దిగింది. జపాన్‌లో 1.5 లీటర్ల తేలికపాటి కారు 990 కిలోలే. గట్టి ఉక్కు, మెరుగైన అతుకులు ఆ తగ్గుదలకు తోడయ్యాయి. అందుకే మొదటి తరానికి మేలు చేసిన కడ్డీ నాలుగో తరానికీ అంతే మేలు చేస్తుందనుకోకూడదు. మెత్తని చోటు ఇప్పటికే మూసేసి ఉంది.

ఒక లెక్క

దృఢత్వాన్ని డిగ్రీకి ఇన్ని న్యూటన్ మీటర్లని చెబుతారు. వెనక భాగాన్ని పట్టి ఉంచి ముందు భాగాన్ని ఒక డిగ్రీ తిప్పడానికి ఎంత మెలి బలం కావాలన్నదే ఆ అంకె. 1996 లోటస్ ఎలీజ్‌లో అల్యూమినియం పట్టీలను జిగురుతో అతికించిన 68 కిలోల చాసీకి ఇది సుమారు 10,000 అని చెబుతారు. ఇప్పటి మూసిన కార్లు 20,000 దాటడం మామూలే. ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చడం మాత్రం పొరపాటు. ఒకరు అద్దాలు అతికించి కొలుస్తారు, ఇంకొకరు ఉత్త ఒళ్లు కొలుస్తారు.

ముందు సస్పెన్షన్, ఒళ్లు, వెనక సస్పెన్షన్ ఒకదాని వెంట ఒకటి కట్టిన మూడు స్ప్రింగుల్లాంటివి. ఊహకు ఒక కారు తీసుకుందాం. ముందు సస్పెన్షన్ దృఢత్వం డిగ్రీకి 500, వెనకది 300, ఒంటిది 5,000 న్యూటన్ మీటర్లు. ఒక చక్రం రాయి ఎక్కినప్పుడు కలిగే మొత్తం మెలికలో ఒంటి వాటా సుమారు 3.6 శాతం, మిగతాది సస్పెన్షన్‌ది. ఇప్పుడు ఒంటికి కడ్డీలు వేసి 20 శాతం గట్టి చేస్తే ఆ వాటా 3 శాతానికి దిగుతుంది. మలుపులో కారు నడతలో ఈ తేడాను పసిగట్టగల డ్రైవరు అరుదు.

అదే కారుకు రేసు ట్రాక్ కోసం స్ప్రింగులూ, మలుపులో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్లూ మూడింతలు గట్టివి వేశారనుకుందాం. సస్పెన్షన్ 1,500, 900 అవుతుంది, ఒళ్లు 5,000లోనే ఉంది. ఇప్పుడు మెలికలో ఒంటి వాటా 10 శాతం దాటుతుంది. ముందు యాంటీ రోల్ బారు మార్చినా కారు స్పందించడం లేదని ట్రాక్ మీద గొణిగేవాళ్ల బాధకు మూలం తరచుగా ఇదే. సర్దుబాటు చేసిన బలం వెనక చక్రానికి చేరకముందే ఒంట్లో ఇంకిపోతుంది. స్ప్రింగు ఎంత గట్టిదైతే చాసీ బిగింపుకు అంత విలువ. ఈ ఒక్క మాట తెలిసిన కొనుగోలుదారు సగం డబ్బు మిగుల్చుకుంటాడు.

వీధిలో నడిచే కారుకు లాభం ఇంకో దారిన వస్తుంది, అది వణుకు దారి. టైరు మీద చక్రం ఎగిరిపడే సహజ కంపనం సెకనుకు 10 నుంచి 15 సార్లు ఉంటుంది. మెత్తని కన్వర్టిబుల్ ఒళ్లు మెలి తిరిగే కంపనం కూడా దానికి దగ్గర్లోకి దిగి వస్తుంది. రెండూ కలిసిన చోట ఉయ్యాలను సరిగ్గా సమయానికి నెట్టినట్టవుతుంది. కంపన సంఖ్య దృఢత్వపు వర్గమూలంతో పెరుగుతుంది. 20 శాతం దృఢత్వానికి దొరికేది తొమ్మిదిన్నర శాతమే. సెకనుకు 15 సార్లు ఊగే ఒళ్లు 16.4కు వెళుతుంది. అంకె చిన్నదే. చక్రం కంపనానికి అతి దగ్గరగా ఉన్న కారులో ఆ చిన్న జరుగుడే అద్దం చట్రాన్ని నిమ్మళపరచవచ్చు. ఒకే కడ్డీని ఒకరు అద్భుతమని, ఇంకొకరు దండగని అనడానికి ఇది అసలైన కారణం, ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

ఏ కడ్డీ ఏం చేస్తుంది

టవర్ బార్ అందరికీ ముందు కనిపించేది. బానెట్ ఎత్తగానే రెండు షాక్ అబ్జార్బర్ టవర్ల నడుమ మెరుస్తుంది. షాక్ అబ్జార్బరే చక్రాన్ని పైనుంచి పట్టుకునే బీఎండబ్ల్యూ జెడ్3 లాంటి మాక్‌ఫర్సన్ స్ట్రట్ కార్లలో దీనికి అర్థం ఉంది, మలుపులో చక్రం పక్కకు నెట్టే బలంలో ఒక భాగం టవరు తలను చేరుతుంది. మియాటాకు డబుల్ విష్‌బోన్లు. పక్కబలం కింద సబ్‌ఫ్రేములోకి పోతుంది, టవరు మీద పడేది ప్రధానంగా నిలువు బరువు. కాబట్టి మియాటా కొనేవాళ్లు టవర్ బార్‌ను చిట్టా చివరన పెట్టుకోవడం మంచిది. ఇంజన్‌ను తప్పించడానికి వంపులు తిరిగిన బారైతే అది కూడా అనవసరం. తిన్నని కడ్డీ తోపుకూ లాగుడుకూ నిలుస్తుంది, వంకర కడ్డీ తానే స్ప్రింగులా వంగుతుంది. అల్యూమినియం దృఢత్వం ఉక్కుదానిలో మూడో వంతే అన్నది కూడా మరవకూడదు.

అడుగుభాగపు బిగింపు వేరే తరగతి. మొదటి రెండు తరాల మియాటా నేల కింద ముందు నుంచి వెనక్కు పోయే రెండు పల్చటి రేకు దూలాలు ఉన్నాయి. జాక్ తప్పు చోట పెట్టి వాటిని నలిపేసిన కార్లు లెక్కలేనన్ని. ఆ దూలాల మీద తొడుగులా కూర్చుని బోల్టులతో బిగిసే మందపాటి ఉక్కు పట్టీలు దొరుకుతాయి. వాటిని టనెల్ కింద ఏటవాలు కడ్డీలతో కలిపితే గుణకారపు గుర్తు ఆకారం వస్తుంది. పల్లెల్లో దడి తలుపుకు ఏటవాలుగా ఒక కర్ర కొడతారు. అది లేకపోతే నాలుగు మూలల చట్రం ఒరిగిపోతుంది. ఇక్కడా అదే పని. పక్కపక్కనే ఉన్న రెండు దూలాలను అడ్డంగా కలపడం కంటే ఏటవాలుగా కలపడం మెలికను ఎక్కువగా ఆపుతుంది. పైగా ఈ కడ్డీలు సరిగ్గా కోసిన కప్పు కింద, అంటే కూర్చునే చోటు పొడవునా ఉంటాయి. మొదటి తరం మియాటాకు, అందులోనూ గట్టి స్ప్రింగులు వేసిన కారుకు, డబ్బు పెట్టదగిన చోటు ఇదే. కారు అడుగుకూ నేలకూ ఉన్న ఎడం కొంచెం తగ్గుతుంది, సైలెన్సర్ గొట్టం విప్పే పని పెరుగుతుంది. కారు అడుగు రేకుకు వేసిన ప్రతి రంధ్రం అంచుకూ రంగు పూయాలి.

సీట్ల వెనక రోల్ బార్ వేయడాన్ని ముందుగా ప్రాణరక్షణగా చూడాలి. కారు బోర్లా పడితే ముందు అద్దం చట్రం ఒక్కటే తలను కాపాడలేదు. అందుకే అమెరికాలో ట్రాక్ డేలు నడిపే అనేక క్లబ్బులు కన్వర్టిబుళ్లకు రోల్ బార్ ఉండాలంటాయి. బారు పైనుంచి ముందు అద్దం చట్రం పైకి ఒక చీపురుకర్ర ఆనించి, కూర్చున్నవాడి హెల్మెట్ దాని కింద సుమారు 5 సెంటీమీటర్లు ఉండేలా చూస్తారు. దృఢత్వం విషయంలో అది వెనక భాగాన్ని గట్టిగా ఒక పెట్టెలా చేస్తుంది గాని, మెత్తగా ఉన్న చోటు అక్కడ కాదు. వెనక గోడకూ డాష్‌బోర్డుకూ నడుమ ఉన్న ఖాళీని అది దాటదు. తలుపుల పక్కగా ముందుకు పోయే గొట్టాలున్న పూర్తి కేజ్ ఆ ఖాళీని దాటుతుంది, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కానీ అలాంటి కేజ్‌తో హెల్మెట్ లేకుండా వీధిలో తిరగడం ప్రమాదం. చిన్న గుద్దుకు కూడా తల ఉక్కు గొట్టానికి తగులుతుంది.

గడపల బోలులో పాలీయురెథేన్ నురగ నింపడం ఒకప్పుడు చౌక చిట్కాగా వ్యాపించింది. రేకు నలగకుండా లోపలి నుంచి ఆపుతుంది కాబట్టి సూత్రం తప్పు కాదు. మియాటాకు మాత్రం ఇది చేయకూడని పని. గుడ్డ టాప్ మీద పడిన వాననీళ్లు సీట్ల వెనక రెండు గొట్టాల గుండా దిగి గడప వెనక భాగం దగ్గర బయటకు పోతాయి. ఆ దారి మూసుకుపోతే గడప లోపల నీళ్లు నిలుస్తాయి. నురగ నీళ్లను పట్టి ఉంచుతుంది, తర్వాత వెల్డింగ్ చేయబోతే నిప్పు అంటుకుంటుంది.

తలుపు గడియ దగ్గర సందు లేకుండా బిగించే రబ్బరు, లోహపు దిమ్మలు చవక. అవి మెలికను అంతగా ఆపవు, తలుపు కిర్రుమనకుండా ఆపుతాయి. యమహా తయారుచేసే బాడీ డాంపర్ ఇంకో రకం. కడ్డీ స్థానంలో అతి చిన్న కదలికకు పనిచేసే షాక్ అబ్జార్బరు ఉంటుంది. దృఢత్వాన్ని పెంచకుండా వణుకును మింగుతుంది కనుక, ఆలోచనలో పాత కమారో డబ్బాలకు బంధువే.

గట్టి టాప్ పెడితే కప్పు తిరిగొచ్చినట్టేనా? విప్పి పెట్టుకునే హార్డ్‌టాప్ రబ్బరు పట్టీల మీద, కొన్ని గడియల మీద కూర్చుంటుంది. వెల్డింగ్‌తో ఒంట్లో కలిసిపోయిన కప్పులా బలం మోయలేదు. చలికీ చప్పుడుకూ అది గొప్పది, చాసీ బిగింపుగా లెక్కించకూడదు.

తుప్పు ముందు

ఇంతవరకు చెప్పిన కడ్డీలన్నీ మంచి ఉక్కుకు తగిలించేవి. మొదటి రెండు తరాల మియాటాల్లో చాలావాటికి ఇప్పుడు ఆ ఉక్కు మిగలలేదు. వెనక చక్రం ముందున్న గడప చివర ఆకుల చెత్తతో నీటి దారి మూసుకుని లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయట రంగు బాగానే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే లోపలికి దిగిపోతుంది. మెలిక మోసే ప్రధాన దూలం అదే కనుక అక్కడ రేకు పల్చబడటమంటే వెదురు బొంగుకు చీలిక మొదలైనట్టే. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో ఈ మూలనే చాలా మియాటాలు ఆగిపోతాయి.

అలాంటి కారుకు అడుగున కడ్డీ బిగించి యజమాని తృప్తిపడితే, అది కుళ్లిన గుంజకు కొత్త తాడు కట్టడమే. పాత రేకు కోసి, లోపలి పొరతో సహా కొత్త రేకు వెల్డ్ చేసి, బోలు లోపల మైనపు పూత చల్లి, నీటి గొట్టాలు శుభ్రం చేయడానికి కడ్డీల కంటే ఎక్కువ ఖర్చు కావచ్చు. అయినా ఆ ఖర్చుకే ఎక్కువ దృఢత్వం తిరిగొస్తుంది. పైగా అది కంపెనీ ఇచ్చిన దృఢత్వమే. గుద్దినప్పుడు నలగాల్సిన చోట నలిగేలా లెక్కగట్టి ఇచ్చినది.

ముప్పై ఏళ్ల రబ్బరు బుష్‌లు, అరిగిన షాక్ అబ్జార్బర్లు, గట్టిపడిన పాత టైర్లు కూడా అచ్చం స్కటిల్ షేక్‌లాంటి వణుకునే ఇస్తాయి. వీటిని మార్చకముందే చాసీని తప్పుపట్టడం వైద్యుడు నాడి చూడకుండా మందు రాయడం లాంటిది. టైర్లలో గాలి రెండు మూడు పౌండ్లు తగ్గించి ఒకసారి నడిపి చూడటానికి పైసా ఖర్చు లేదు.

కొత్త తరం ఓపెన్ కార్లు

బిగింపు అవసరమే లేని ఓపెన్ కార్లూ ఉన్నాయి. 2012 మెక్‌లారెన్ 12సీ స్పైడర్ కూర్చునే భాగం మొత్తం కార్బన్ ఫైబర్‌తో పోత పోసిన ఒకే తొట్టి. మోనోసెల్ అనే ఆ తొట్టి బరువు సుమారు 75 కిలోలు. కూపేలో కూడా కప్పు మీద ఆధారపడలేదు కనుక, స్పైడర్‌కు అదనపు బిగింపు అక్కర్లేకపోయింది. పెరిగిన 40 కిలోలూ మడిచే కప్పువీ దాని యంత్రాంగానివే. ఎలీజ్ ఎత్తు గడపలు దాటి ఎక్కడం కష్టమని అందరూ విసుక్కుంటారు. ఆ కష్టమే దాని దృఢత్వం. అలాంటి కార్లకు కడ్డీలు అమ్మేవాళ్లు దొరికినా కొనాల్సిన పని లేదు.

బిగించే ముందు, బిగించాక

కడ్డీ పనిచేసిందో లేదో మనసు చెప్పేది నమ్మకూడదు. రెండు వారాంతాలు అడుగున పడుకుని బోల్టులు బిగించినవాడికి కారు గట్టిపడినట్టే అనిపిస్తుంది. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. సమతలమైన నేల మీద కారు నిలిపి, రెండు తలుపుల ముందు వెనక సందులను ఫీలర్ గేజ్‌తో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. జాక్‌ను కంపెనీ చూపించిన చోట మాత్రమే ముందు ఒక మూలన ఆనించి, వెనక అదే వైపు చక్రం నేల విడిచే దాకా ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో చూడాలి. ఆ స్థితిలో తలుపు తెరుచుకుంటుందా, గడియ ఎక్కడ రాసుకుంటోంది, సందు ఎంత మారింది అన్నవి మళ్లీ రాసుకోవాలి. కారు జాక్ మీద ఉన్నప్పుడు కింద చెయ్యి పెట్టకూడదు, స్టాండ్ తప్పక ఉండాలి.

తర్వాత ఒక్క అమరిక మాత్రమే బిగించి, టైర్లలో అంతే గాలితో, ట్యాంకులో దాదాపు అంతే పెట్రోలుతో ఇదే పని మళ్లీ చేయాలి. నాలుగు ముక్కలు ఒకేసారి బిగిస్తే ఏది పనిచేసిందో తెలియదు. తెలిసిన ఒక గతుకుల దారిని ఎంచుకుని, పక్కసీటులో ఉన్నవాళ్లు తలుపు పైఅంచుకూ అద్దం చట్రం స్తంభానికీ నడుమ వేళ్లు ఆనించి కూర్చోవాలి. ఆ సందులో జరిగే కదలిక మెలికకు అతి సూటి సాక్ష్యం. అక్కడ వేళ్లకు తేడా తెలియకపోతే, జాక్ పరీక్షలో అంకె కూడా కదలకపోతే, ఆ కడ్డీని విప్పి బరువు తూచి పక్కన పెట్టవచ్చు.